కుడికి పోయే బంతి

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక మా ఊళ్లో చాలా బోర్డులు మారాయి. గాల్ఫ్ మైదానం చుట్టూ ఉన్న ముళ్లకంచె మాత్రం మారలేదు. కోరమండల్ గని కూలీల ఇళ్ల లైన్లలో పుట్టిన నేను ఆ కంచె పక్కనుంచే పదేళ్లు బడికి నడిచాను. లోపల దొరలు పోయి మన ఆఫీసర్లు వచ్చారు. కర్రలు అవే, నడక అదే, కంచె ఇవతలివాళ్లను చూసీ చూడనట్టు పోవడం కూడా అదే.

బడి అయిపోయాక గని డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. భూమి కింద సొరంగాలు ఎటు పోతున్నాయో పటాలు గీయడం నా పని. గీసి గీసి, పద్నాలుగేళ్లకు ఆఫీసర్ గ్రేడుకు వచ్చాను. ప్రమోషన్ ఆర్డరుతో పాటు ఇంకో కాగితం చేతికిచ్చారు. క్వార్టర్స్ కావాలా, గ్యాసు కావాలా, క్లబ్బులో చేరతారా అని అందులో గళ్లున్నాయి. మా నాయన లైన్లు వదిలి రానన్నాడు కాబట్టి క్వార్టర్స్ వద్దని రాశాను. కంచె లోపలి క్లబ్బు దగ్గర మాత్రం కావాలని రాశాను.

ఆ కాగితం తీసుకున్న గుమాస్తా నవ్వాడు. "ఏమక్కా, ఆడికి పోయి ఏం చేస్తావు? హౌసీ చీట్లలో అంకెలు కొట్టుకుంటావా?"

"గాల్ఫ్ ఆడతాను" అన్నాను.

పక్క టేబుల్ వాళ్లు కూడా తలెత్తి చూశారు. నిజానికి ఆ నిమిషం వరకూ ఆ మాట నేను అనుకోలేదు. ఆ ఆట మీద నాకు ప్రేమ లేదు. కంచె మీద కోపం ఉండేది, అంతే. కోపంతో మొదలుపెట్టిన పని నిలవదని పెద్దవాళ్లు అంటారు. నాకైతే నిలిచింది.

రిటైరై ఊరు వదిలిపోతున్న ఒక ఆఫీసర్ దగ్గర నాలుగు పాత కర్రలు దొరికాయి. మగవాళ్ల కొలతవి, నాకు పొడుగు. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపి, కొంగు నడుముకు బిగించి, ఒక ఆదివారం పొద్దున మొదటి గుంటకు బంతి కొట్టే చోట నిలబడ్డాను. గాల్ఫ్ అనగానే పచ్చిక తివాచీ అనుకునేరు. మా మైదానంలో వానలు పడితే గడ్డి, లేకపోతే గులకరాళ్లు. గుంట చుట్టూ పచ్చగా ఉండాల్సిన చోట నూనె కలిపిన ఇసుక పరిచి ఉండేది. దాన్ని మావాళ్లు బ్రౌను అనేవాళ్లు. మొదటి దెబ్బ కొట్టే చోటికి కుడిపక్క రోడ్డు, రోడ్డు అవతల ఒక పెద్ద ఆఫీసర్ బంగళా. ఎడమపక్క తుమ్మ పొదలు.

నా బంతి లేవడం బాగానే లేచేది. సగం దూరం నేరుగా పోయి, అక్కడ ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు కుడికి తిరిగేది. దీన్ని స్లైసు అంటారని చెప్పారు. ఎడమకు తిరిగితే హుక్కు అట. పేరు తెలిస్తే రోగం కుదరదు కదా. పది కొడితే తొమ్మిది రోడ్డు వైపే పోయేవి.

ఇంక సలహాలు. అడగకుండా వచ్చేవి అవే కదా లోకంలో. తల ఎత్తొద్దన్నారు ఒకరు. మోచెయ్యి వంచొద్దన్నారు ఇంకొకరు. చీర కట్టుకుంటే నడుము తిరగదని ఒకాయన తేల్చేశాడు. నేను వంగి, తిరిగి, కొంగు ఇంకా బిగించి చూపించాను. అయినా తప్పు చీరదేనన్నాడు. ఆయన ప్యాంటులోంచి వచ్చే బంతులు కూడా కుడికే పోయేవి. అది మాత్రం గాలి వల్లట.

మూడో వారం నా బంతి రోడ్డు దాటి బంగళా వరండాలో పూలకుండీని పగలగొట్టింది. మర్నాడు ఆటకు కెప్టెన్‌గా ఉన్న ఇంజనీరు నన్ను పిలిపించాడు. కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"మీ మీద నాకేం కోపం లేదండి" అని మొదలుపెట్టాడు. అలా మొదలయ్యే మాటలు ఎటు పోతాయో నాకు తెలుసు. "నెల రోజులు బయట ఎక్కడైనా ప్రాక్టీసు చేసుకోండి. ఆ తర్వాత నా ముందు ఆరు బంతులు కొట్టండి. ఐదు మధ్యలో పడితే మీరు హాయిగా ఆడుకోవచ్చు. పడకపోతే లేడీస్‌కి షటిల్ కోర్టు ఉంది కదండీ."

"ఈ పరీక్ష అందరికీ ఉండాదా సార్?"

"అందరి బంతులూ బంగళాలో పడవు కదండీ."

పడతాయి. ఆ బంగళా తోటమాలి దగ్గర ఒక బకెట్టు నిండా బంతులుండేవి. నేను ఆట మొదలుపెట్టి మూడు వారాలే. ఆ బకెట్టు నేను ట్రేసర్‌గా ఉన్నప్పటి నుంచే నిండుతోంది. ఆ మాటే అన్నాను. ఆయన నవ్వి, చేతిలో రూల్సు పుస్తకం పెట్టాడు. లేచి గుమ్మం దాకా వచ్చి ఇంకో సలహా కూడా ఇచ్చాడు. "కుడికే పోతోంది కదా, మీరు ఎడమకి గురి పెట్టి కొట్టండి. వంగి మధ్యకే వస్తుంది. ఆడవాళ్లకి అది చాలండి."

ఆ 'చాలు' అనే మాట నాకు ఒంటికి కారం రాసినట్టయింది. తప్పును తప్పుగానే ఉంచి, దానికి తగ్గట్టు నేను పక్కకు తిరిగి నిలబడాలట. నిలబడను అనుకున్నాను. నేరుగానే కొడతాను, నెల రోజుల్లో కొడతాను.

ప్రాక్టీసుకు చోటు యాడుంది? లైన్లలో కొడితే ఎవరి తలో పగులుతుంది. సైనైడ్ దిబ్బ దగ్గరికి పోయాను. గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం లాగేసుకుని, మిగిలిన మట్టిని పోసీ పోసీ మా ఊరి చుట్టూ గుట్టలు చేశారు. గాలి వీస్తే ఆ పిండి మా అన్నంలోకి వచ్చేది. వాన పడి ఆరితే మాత్రం దిబ్బ అడుగున నేల అప్పడంలా పొర కట్టి చదునుగా ఉండేది. అక్కడ రోజూ పొద్దున డ్యూటీకి ముందు బంతులు కొట్టాను. పాదాలు తెల్లగా అయ్యేవి, బంతులు కుడికే పోయేవి. వారం గడిచింది.

ఎనిమిదో రోజు మా నాయన వెంట వచ్చాడు. ఆయన గనిలో టింబర్ పని చేసి రిటైరైనవాడు. సొరంగం కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి, పైసందులో ఆప్పులు దిగ్గొట్టే పని. ఆప్పు అంటే సందు బిగించడానికో, కట్టె చీల్చడానికో సమ్మెటతో కొట్టే చీల. ఒకరు దాన్ని చేత్తో పట్టుకోవాలి, ఇంకొకరు కొట్టాలి. నాయన పట్టుకునేవాడు. ఒకసారి జోడీవాడి సమ్మెట జారి, నాయన ఎడమచేతి చివరి రెండు వేళ్లు సగానికి పోయాయి.

ఆయన రాయి మీద కూర్చుని పదిహేను బంతులు ఓపిగ్గా చూశాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయి, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వాడు.

"ఏంది నాయనా, నాకు యాడుపొస్తా ఉంటే నువ్వు నవ్వుతావు?"

"ఆప్పు ఎవురు పట్టుకోనుండారమ్మా?" అన్నాడు.

"ఆప్పు యాడుండాది ఈడ?"

"అదే నేను అడిగేది. లేని ఆప్పుకు బయపడి చెయ్యి లోపలికి లాక్కుంటా ఉండావే!"

నేను కర్ర దించేశాను. మా ఇంట్లో పొయ్యిలోకి గనిలో పనికిరాని పాత దుంగలే కట్టెలు. రాయిలాంటి కట్టె, గొడ్డలికి లొంగదు. నాకు పన్నెండేళ్లప్పటి నుంచీ నాయన ఆప్పు పట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు, నేను సమ్మెటతో కొట్టేదాన్ని. వేళ్లు పోయాక కూడా ఆయనే పట్టుకునేవాడు. నాకు నేర్పింది ఒకటే. దెబ్బ చివర చేతులు నీ వైపు లాక్కో. తప్పితే నీ కాలి దిక్కు రావాల, పట్టుకున్నోడి చేతి దిక్కు పోకూడదు. లైన్లలో పెరిగిన ఎవరి చేతికైనా ఈ లాగుడు అలవాటే. నేను గాల్ఫ్ కర్రతో కూడా కట్టెలే చీలుస్తున్నానని నాకు తట్టలేదు.

"ఇట్ల వంగి చూడు" అని నాయన నేల చూపించాడు. దిబ్బ పొర మీద కర్ర గీరిన గుర్తులు పదిహేనూ స్పష్టంగా ఉన్నాయి. ఒక్కటీ గురి వైపు నేరుగా లేదు. అన్నీ బయట మొదలై అడ్డంగా నా ఎడమ కాలి దిక్కుకు వచ్చాయి. బంతిని అలా అడ్డంగా గీరితే అది గిర్రున తిరుగుతూ కుడికి పోక ఏం చేస్తుంది? రోజంతా గీతలు గీసి జీతం తీసుకునేదాన్ని నేను. వారం రోజులు నా కాళ్ల ముందున్న గీతలు చూసుకోలేదు. అక్షరం ముక్క రాని నాయన చూశాడు. నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. రెండూ నా మీదే.

"లోపలికి లాక్కోవద్దు. ముందరికి ఇసురు, నేను కూసోని ఆప్పు పట్టుకునే దిక్కుకు."

అర్థమైంది. చెయ్యి ఒప్పుకోవద్దూ? నాయన ఎదురుగా రాయి మీద ఉన్నాడు. కర్ర కిందికి దిగేసరికి చేతులు వాటంతటవే లోపలికి వచ్చేశాయి. ఐదుసార్లు, ఆరుసార్లు అదే వరస. అప్పుడాయన లేచి నా వీపు వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"నా మాట యాణ్ణించి వస్తా ఉండాది?"

"ఎనకనించి."

"ముందర ఎవురన్నా ఉండారా?"

"లేరు."

"మరింగ ఇసురు."

అలా చెప్పి ఊరుకోలేదు. నేను కొడుతున్నంతసేపూ ఆయన ఎక్కడున్నాడో నా ఒంటికి తెలియాలని ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. ముళబాగిలు బస్సులో ఎవరి సంచిలోంచో కోడిపుంజు తప్పించుకుని కండక్టరు భుజం మీదెక్కిన కథ చెప్పాడు. పుంజు కిటికీలోంచి దూకేసరికి నా కర్ర బయటికి విసురుగా పోయింది. ఠక్కుమని గట్టి చప్పుడు. బంతి నేరుగా పోయి, పోయి, ఎటూ తిరగకుండా పడింది. నేను ఏడ్చేశాను. సంతోషం అని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

ఆ సంతోషం నాలుగు రోజులే. చేతులకు ధైర్యం వచ్చి మరీ విసిరేసరికి మణికట్లు ముందే తిరిగిపోయి, బంతి ఎడమకు వంగడం మొదలుపెట్టింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. స్లైసు పోయి హుక్కు వచ్చింది, రోడ్డు పోయి తుమ్మపొదలు వచ్చాయి. ఈసారి గీతలు నేరుగానే ఉన్నాయి కాబట్టి నేల ఏమీ చెప్పలేదు. నాయన నా చేతులు చూశాడు.

"చివరి వేళ్లు సడలిస్తా ఉండావు. కర్ర చేతిలో తిరగతా ఉండాది. ఎడమ చేతిది చివరి రెండు వేళ్లు బిగబట్టు. మిగతా వేళ్లు ఉత్తగా ఆనిస్తే చాలు."

"నీకెట్ల తెలుసు నాయనా?"

ఆయన తన ఎడమచెయ్యి చాపి చూపించాడు. "ఇవి పోయినాకే కదమ్మా తెలిసింది, సమ్మెటను నిలిపేది ఇవేనని. ఐదు వేళ్లూ ఉన్నోనికి ఏం తెలస్తాది?"

 నేను ఆ చెయ్యి ఒకసారి పట్టుకుని, మళ్లీ కర్ర ఎత్తాను. మిగిలిన రెండు వారాలూ ఆ రెండు వేళ్ల మీదే గడిపాను. కాయలు కాశాయి. పెన్సిలు పట్టుకుంటే నొప్పి. చివరి రోజుకు పదింట ఎనిమిది మధ్యలో పడుతున్నాయి.

పరీక్ష రోజు నాయనను రమ్మన్నాను. "నేను వస్తే నువ్వు నా దిక్కే చూస్తావు. నీ పాటికి నువ్వు పో" అన్నాడు.

ఆదివారం పొద్దున మొదటి గుంటకు కొట్టే చోట ఎనిమిది మంది తమ ఆట మొదలుపెట్టడానికి వచ్చి ఉన్నారు. వినోదం చూసి ఆడొచ్చని కొంచెం ముందే వచ్చినట్టున్నారు. కెప్టెన్ ఆరు బంతులు వరసగా పేర్చి పెట్టాడు. ఒక్కటి తప్పొచ్చు, రెండు తప్పకూడదు.

మొదటిది నేరుగా పోయింది. రెండోదీ నేరుగా పోయింది. వెనక గుసగుసలు ఆగాయి. మూడోదానికి కెప్టెన్ దగ్గరగా చూద్దామని ముందుకు వచ్చి నాకు ఎదురుగా నిలబడ్డాడు. సరిగ్గా ఆప్పు పట్టుకునేవాడు కూర్చునే చోట. చూశాను, వద్దని చెప్పలేదు, కొట్టేశాను. చేతులు లోపలికి వచ్చేశాయి. బంతి రోడ్డు దాటింది.

"అయ్యో, పాతదే వచ్చేసిందండీ" అన్నాడు ఆయన.

"సార్, ఆడ నిలబడొద్దు. నా ఎనక్కి రండి."

"నేనుంటే మీకేమిటండి ఇబ్బంది?"

"మీ చెయ్యి ఇరగతాదని నా చేతికి బయం సార్. దానికి మీరు కెప్టెన్ అని తెలీదు."

వెనక ఎవరో నవ్వారు. ఆయన ఎర్రబడి వెనక్కి వచ్చాడు. నాలుగోది మధ్యలో పడింది. ఐదోది అన్నిటికంటే దూరం పోయి మధ్యలో పడింది. ఇంకొక్కటి. ఇంకొక్కటే అని లోపల అనుకున్నాను చూడండి, అదే నా తప్పు. అరచేతులు చెమటపట్టాయి. కొంగుకు తుడుచుకుని ఉండాల్సింది, తుడుచుకోలేదు. కర్ర దిగేటప్పుడు ఆ రెండు వేళ్ల కింద జారడం నాకు తెలిసింది. బంతి లేచి, ఎడమకు వంగి, తుమ్మ పొదల్లో పడింది. ఎవరి మీదా నెపం పెట్టను. నేనే తప్పాను.

కెప్టెన్ ముఖంలో ఊరట కనబడింది. "బాగా కొట్టారండి, నిజంగా. వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. మిగతావాళ్లు సంచుల్లోంచి కర్రలు తీసుకోవడం మొదలుపెట్టారు.  వచ్చే ఏడాది అంటే ఎప్పటికీ వద్దనే కదా. సంచి భుజాన వేసుకున్నాను. క్లబ్బు గేటు నా వెనక ఉంది. నేను ముందుకు నడిచాను.

"మేడమ్, ఎక్కడికండీ?"

"బంతి దగ్గరికి సార్."

"తెప్పిస్తామండీ, మీరెందుకు శ్రమ?"

"ఎవురూ ముట్టకూడదు సార్. పడిన చోటినించే కొట్టాల. మీరిచ్చిన పుస్తకంలోనే ఉండాది. ఆడినించే ఆడతాను."

"అది పరీక్షండీ, ఆట కాదు."

"కొట్టింది మొదటి గుంటకే కదా సార్. మొదలుపెట్టినాను, ముగిస్తాను."

ఆయన ఇంకా ఏదో అన్నాడు, నేను నిలబడలేదు. పొదల్లో ముళ్లు చీరకు పట్టుకున్నాయి. మొదటి దెబ్బ కొమ్మకు తగిలింది. రెండోది దుమ్ము లేపింది. రెండూ లెక్కలో వేసుకున్నాను. మూడో దెబ్బకు బంతి బయటపడి మైదానంలోకి వచ్చింది. అప్పుడు వెనక్కి తిరిగి చూశాను.

ఒకాయన బంతి పెట్టుకుని కర్ర ఎత్తి ఉన్నాడు. కెప్టెన్ చెయ్యి అడ్డం పెట్టి ఆయన్ని ఆపాడు. ముందు ఆడుతున్న మనిషి దెబ్బకు అందే దూరంలో ఉంటే వెనకవాళ్లు కొట్టకూడదు. అది కూడా ఆ పుస్తకంలోదే. ఏమన్నా అనండి, ఆ కెప్టెన్ రూల్సు మనిషి. నన్ను పొమ్మనడానికి రూలు లేదు, నా మీదికి కొట్టడానికీ లేదు. కర్ర ఎత్తినాయన దించేశాడు. అందరూ నిలబడ్డారు.

నేను తొందరపడలేదు. పొదలనుంచి బ్రౌను దాకా నడిచి నడిచి కొట్టాను. ఒకటి కుడికి పోయింది, ఒకటి ఎడమకు పోయింది, మిగతావి నేరుగా పోయాయి. మొత్తం పదకొండు దెబ్బలకు బంతి గుంటలో పడింది. బ్రౌను మీద ఆడినవాళ్లు తమ అడుగుల గుర్తులు చెరిపేలా గోనెపట్టా లాగి ఇసుక చదును చేసి పోవాలి. ఆఫీసర్లు ఆ పని కూలీలకు వదిలేసేవాళ్లు. నేను తాడు పట్టుకుని గుంట చుట్టూ వరసగా, ఒక్క గీత మిగలకుండా లాగాను. మధ్యలో ఒకసారి తలెత్తి చూశాను. తొమ్మిది మంది మగవాళ్లు ఎండలో అక్కడే నిలబడి నేను ముగించేదాకా చూస్తున్నారు.

ఇంకా ఎనిమిది గుంటలున్నాయి. వాళ్లను ఇంకాసేపు ఆగనీ అనుకుని, బంతి తీసుకుని రెండోదాని వైపు నడిచాను.